షుగరు సీనియరు

ఏటా నవంబరు 14న, అంటే ఇన్సులిన్‌ను కనుగొన్నవారిలో ఒకడైన ఫ్రెడరిక్ బాంటింగ్ పుట్టినరోజున, ప్రపంచ మధుమేహ దినం పేరిట తెలుగు పట్టణాల కల్యాణ మండపాలలో జరిగే శిబిరాలకు మొదటి వరుస కుర్చీలోంచి కదలకుండా శోభ చేకూర్చే పెద్దమనిషిని ‘షుగరు సీనియరు’ అని వ్యవహరించవచ్చు. మన దేశంలో అది బాలల దినోత్సవం కూడా కావడంవల్ల, వీధికి ఒకవైపు బడిలో చాక్లెట్లు పంచుతుండగా మరోవైపు మండపంలో తీపి మానడంపై ఉపన్యాసాలు సాగుతుంటాయి. ఈయన మనవణ్ణి ఆ బడిలో దింపి ఈ మండపానికి వచ్చేవాడు కనుక, ఆయన లాల్చీ జేబు తనిఖీ చేయకపోవడమే మర్యాద.

ఈ సమాజంలో పెద్దరికం వయసునుబట్టీ హోదానుబట్టీ కాక, రోగం బయటపడి ఎన్నేళ్లయిందన్న లెక్కనుబట్టి వస్తుంది. రిటైరైన తహసీల్దారుకు షుగరు వచ్చి మూడేళ్లే అయితే, ఇరవై రెండేళ్ల సర్వీసున్న కిరాణా కొట్టు యజమాని ముందు ఆయన జూనియరే. “మాత్రలా, సూదా అండీ?” అన్నది ఇక్కడి కుశలప్రశ్న, సూది అన్నవారికి పక్కకు జరిగి చోటిస్తారు.

ఇక్కడి వారందరూ ‘మూణ్ణెల్ల సగటు’ అని పిలుచుకునే హెచ్‌బీఏవన్‌సీ అనే పరీక్ష, రక్తంలోని హిమోగ్లోబిన్‌లో ఎంత శాతానికి చక్కెర అంటుకుందో చెబుతుంది. ఎర్ర రక్తకణం ఆయుష్షు దాదాపు 120 రోజులు కావడంవల్ల, పరగడుపు పరీక్షను ముందురోజు పథ్యంతో ఏమార్చినట్టు దీనిని ఏమార్చడం కుదరదు. 6.5 శాతమూ ఆపైనా ఉంటే మధుమేహమని లెక్క. ఇంట్లో భార్య, కోడలు, అమెరికానుంచి వీడియో కాల్‌లో కూతురు ముగ్గురూ డాక్టర్లే కాబట్టి, అక్కడ “నార్మలే” అని రిపోర్టును పాత పాస్‌బుక్కుల అడుగున దాచే ఈ సీనియరు, శిబిరంలో మాత్రం పక్కవారు అడగకముందే “తొమ్మిదిన్నర” అని ప్రకటించి, మరదలి కూతురి పెళ్లిలో తిన్న బొబ్బట్లను కూడా ఒప్పుకుంటాడు. నిజం చెప్పినందుకు చీవాట్లు పడని చోటు ఆయనకు ఊరు మొత్తంమీద ఇదొక్కటే.

ఇలాంటి చోటు కావాలని తోచింది ఆయనకొక్కడికే కాదు. 1934లో ఇంగ్లండులో డయాబెటిక్ అసోసియేషన్‌ను స్థాపించిన నవలాకారుడు హెచ్.జి. వెల్స్, వైద్యుడు ఆర్.డి. లారెన్స్ ఇద్దరూ మధుమేహం ఉన్నవారే. వైద్యుడికే షుగరు ఉండడం రోగులకు ఎంత భరోసానో సీనియరును అడిగితే తెలుస్తుంది. శిబిరం డాక్టరు కూడా మాత్ర వేసుకుంటాడని కాంపౌండరు చెవిలో వేసిన క్షణంనుంచే ఆయనకు ఆ డాక్టరు రాసే మందుల చీటీమీద గురి కుదిరింది. అయినా సొంత వైద్యం మానడు: కాకరకాయ రసం, నానబెట్టిన మెంతులు, కొర్రన్నం వరకు ఆయన మాట వినదగ్గదే గాని, బెల్లం పూతరేకులకు దోషం లేదన్న సిద్ధాంతం మాత్రం నిలవదు, బెల్లంలోనూ అధిక భాగం చక్కెరే.

ఆయన పాండిత్యం తేలిపోయేది పాదాల పరీక్ష దగ్గర. నరాలు మొద్దుబారాయేమో తెలుసుకోవడానికి మోనోఫిలమెంట్ అనే నైలాన్ పోగును, అంటే 10 గ్రాముల ఒత్తిడికి వంగేలా తయారుచేసిన దానిని, అరికాలికి ఆనించి, కళ్లు మూసుకున్న మనిషిని “తెలుస్తోందా?” అని అడుగుతారు. సీనియరు కళ్లు మూసీ మూయగానే “ఆఁ, తెలుస్తోంది” అంటాడు.

“ఇంకా పెట్టలేదు బాబాయిగారూ,” అంటుంది నర్సు.

మొదట నవ్వేది నిరుడు ఇదే జవాబు చెప్పిన వెనక వరుసవాళ్లు. ఆ తరువాత వాళ్లే ఆయన పక్కకు చేరి, ఎంసీఆర్ అనే మెత్తని రబ్బరు చెప్పులు ఏ కొట్టులో దొరుకుతాయో, రాత్రి పడుకోబోయే ముందు అద్దం పెట్టి అరికాలు ఎలా చూసుకోవాలో, వేణ్ణీళ్లలో కాలు పెట్టేముందు ఎందుకు మోచేయి ముంచాలో చెబుతారు. ఇరవై రెండేళ్ల సీనియరు మారుమాట లేకుండా తలూపి, కొట్టు పేరు చేతి సంచిమీద రాసుకుంటాడు.

షుగరు కొత్తగా బయటపడినవారు వచ్చే శిబిరంలో ఈయన పక్క కుర్చీ ఖాళీగా ఉంటే కూర్చోవడం మంచిది. మాత్రల మోతాదు మాత్రం డాక్టరునే అడగాలి.