మిద్దె మీద హార్స్ పవర్

ప్రొద్దుటూరులో ఏ టీ అంగడి దగ్గర నిలబడినా ఈ మాట చెవిన పడుతుంది: "పోర్టింగ్ చేసినా బ్బా, మూడు హార్స్ పవర్ పెరిగింది." చెప్పే అబ్బోడి గోళ్ళ సందుల్లో ఇంకా అల్యూమినియం పొడి మెరుస్తా ఉంటుంది. మూడే అని ఎట్లా తెలిసింది, రెండున్నర ఎందుకు కాకూడదు అని అడిగితే తొడ చరిచి చూపిస్తాడు. "సీటు మీద కూర్చుంటే ఈడ తెలుస్తుంది." సీమలో తొడ చరచడం సినిమావాళ్ళు మనకు అంటగట్టిన అలవాటని ఇన్నాళ్ళూ అనుకున్నాం. అది కొలత పరికరమని వాళ్ళకూ తెలిసి ఉండదు.

పోర్టింగ్ అంటే ఏమిటో తెలియని అదృష్టవంతులకు రెండు ముక్కలు. ఇంజన్ హెడ్డులో గాలీ పెట్రోలూ కలిసి లోపలికి పోయే దారి ఒకటి, కాలిన పొగ బయటికొచ్చే దారి ఒకటి ఉంటాయి. కంపెనీవాళ్ళు హెడ్లను లక్షల్లో పోతపోస్తారు గనక ఆ దారుల్లో గరుకు ఉంటుంది, చిన్న చిన్న గట్లు ఉంటాయి, గ్యాస్కెట్ దగ్గర అంచుకు అంచు కలవదు. వాటిని అరగదీసి, మలుపులు సరిచేసి, గాలి తేలిగ్గా పోయేట్టు చేయడమే పోర్టింగ్. విద్య నిజమైనదే. జాగ్వార్ కార్ల ఇంజన్ హెడ్లకు గాలి దారులు దిద్దడంలో చేయి వేసిన హ్యారీ వెస్లేక్ ఇంగ్లండులో జీవితమంతా అదే పని చేశాడు. హెడ్డులోంచి ఎంత గాలి పోతోందో బెంచి మీద బిగించి కొలిచేవాడు. కాస్త అరగదీసి మళ్ళీ కొలిచేవాడు.

మన మిద్దె మీదా బెంచి ఉంది. అమ్మ బట్టలు ఉతికే బండ.

ఆదివారం పొద్దున హెడ్డు ఇప్పుకొస్తారు. బండ మీద పాత లుంగీ పరిచి ఒకడు రెండు చేతులా అదిమి పట్టుకుంటాడు. ఇంకొకడు చేతి డ్రిల్లుకు గ్రైండింగ్ బిట్టు తగిలిస్తాడు. అల్యూమినియం మెత్తని లోహం, బిట్టు పళ్ళ సందుల్లో ఇరుక్కుని అంటుకుపోతుంది. మధ్యమధ్యలో కిరోసిన్ చుక్క వేస్తా పోవాలి. వేయరు. పళ్ళు మూసుకుపోయిన బిట్టు కోయడం మాని గెంతడం మొదలుపెడుతుంది. గెంతి పోయి తగిలేది సరిగ్గా వాల్వు సీటుకే. 45 డిగ్రీల వాలుతో, మిల్లీమీటరో మిల్లీమీటరున్నరో వెడల్పున్న సన్నని మెరిసే అంచు అది. దాని మీద బియ్యపుగింజంత గీత పడితే వాల్వు మూసుకున్నా మూసుకోనట్టే, కంప్రెషన్ అంతా ఆ గీతలోంచే జారిపోతుంది. గీత పడిన సంగతి ఇద్దరూ చూస్తారు. ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు. "ఏం కాదులే" అని ఒకడంటే "ఏం కాదు" అని ఇంకొకడు సర్టిఫికెట్ ఇస్తాడు.

ఆ చప్పుడుకు మిద్దె ఎక్కి వచ్చిన జేజి కాసేపు చూసి అడుగుతుంది: "ఉన్న బెజ్జం చాలకనా, దాన్నే ఇంకా పెద్దది చేస్తాండారు?" ఈ విషయంలో ఇంతకంటే సూటైన సాంకేతిక ప్రశ్న ఇప్పటిదాకా ఎవరూ వేయలేదు.

దారి పెద్దదైతే గాలి ఎక్కువ పోతుంది కదా అంటారు వీళ్ళు. సరే, 26 మిల్లీమీటర్ల దారిని 28 చేశారనుకుందాం. పెరిగింది రెండు మిల్లీమీటర్లే గానీ లోపలి వైశాల్యం 16 శాతం పెరిగింది. పోయే గాలి అంతే అయితే దాని వేగం దాదాపు 14 శాతం పడిపోయింది. ఇంజన్ నిమిషానికి 8,000 చుట్లు తిరుగుతున్నప్పుడు పిస్టన్ ఒకసారి కిందికి దిగి గాలి పీల్చడానికి దొరికే సమయం సెకనును వెయ్యి ముక్కలు చేస్తే అందులో నాలుగు ముక్కలు కూడా లేదు. పిస్టన్ అడుగుకు చేరి తిరిగి పైకి లేస్తున్నా గాలి ఇంకా లోపలికి తోసుకొస్తుందంటే అది తన ఊపు వల్లే. ఆ ఊపును చంపుకుని దారి పెంచుకున్నవాడికి పైన ఎక్కడో 9,000 దగ్గర కాస్త లాభం కనపడొచ్చు. కింది గేర్లలో మాత్రం బండి మూలుగుతుంది. బంగారు అంగళ్ళ బజారులో 9,000 ఎక్కడ పెడతాడు? ముందు ఆవు అడ్డం, ఆ ముందు ఆటో అడ్డం, దాని ముందు పెళ్ళి నగలకని జమ్మలమడుగు నుంచి దిగిన కుటుంబం మొత్తం అడ్డం.

పైగా గాలి నిజంగా ఇరుకున పడేది వాల్వు దగ్గర. సీటుకు పైన అరంగుళం మేర, దారి మలుపు తిరిగే చోట లోపలి వైపు గోడ, వాల్వు గైడు చుట్టుపక్కల. నేర్చినవాడు పని చేసేది అక్కడ, అదీ వెంట్రుకవాసి చొప్పున. మనవాళ్ళు పెద్దది చేసేది దారి మొగదలను. కారణం పెద్దదేం కాదు. బిట్టు అంతవరకే దూరుతుంది, ఫోన్లో ఫొటో అక్కడే బాగా వస్తుంది.

ఆ తర్వాత పాలిష్. ఎర్రగుంట్ల, జమ్మలమడుగు చుట్టూ నాపరాయి తవ్వి, నునుపు పట్టి, దేశమంతటికీ గచ్చు పరిచిన జిల్లా మనది. నున్నగా ఉన్నదల్లా గొప్పదనే నమ్మకం ఇక్కడి నీళ్ళలోనే ఉంది. అందుకే ఎమెరీ పేపరు నంబర్లు మార్చి మార్చి గాలి లోపలికి పోయే దారిని మొహం కనపడేట్టు రుద్దుతారు. కార్బొరేటర్ బండిలో ఆ దారి మొహం కనపడేంత నున్నగా ఉండకూడదు. పెట్రోలు తుంపర నున్నటి గోడకు పట్టుకుని ధారగా జారుతుంది. కాస్త గరుకుంటే విరిగి గాలిలో కలుస్తుంది. పొగ బయటికి పోయే దారిని నునుపు చేస్తే తప్పులేదు గానీ కొన్ని వారాల్లో దాని మీద మసి పరుచుకుంటుంది, అద్దం కాస్తా పెనం అడుగవుతుంది.

ఆర్ఎక్స్ 100 భక్తుల సంగతి వేరే చెప్పాలి. 1985 నుంచి 1996 దాకా మన దేశంలో తయారైన బండి, 98 సీసీ, 11 హార్స్ పవర్. ఆ బండి మీద నాకూ ప్రేమే, దాని చప్పుడు వినపడితే తల తిరగని మనిషి పులివెందులలో ఇంకా పుట్టలేదు. అయితే "ఆర్ఎక్స్ హెడ్డు పోర్టింగ్ చేసినా" అని ఎవరైనా చెబితే వాళ్ళను కూర్చోబెట్టి మంచినీళ్ళు ఇవ్వాలి. టూ స్ట్రోక్ హెడ్డుకు వాల్వులు లేవు, గాలి దారులు లేవు. ఉన్నది ప్లగ్గు బిగించే బెజ్జం ఒక్కటే. అబ్బోడు దేన్ని పెద్దది చేసినట్టు?

దారులన్నీ బోరులో ఉంటాయని తెలిసినవాడు ఇంకా ప్రమాదం. పొగ బయటికి పోయే కిటికీ పై అంచును ఒక్క మిల్లీమీటరు లేపితే చాలు, అది తెరుచుకుని ఉండే కాలం ఒక్కో చుట్టుకు నాలుగైదు డిగ్రీలు పెరుగుతుంది. దానికి తగ్గట్టు సైలెన్సర్ పొడవు, జెట్టు సైజు, ప్లగ్గు టైమింగ్ అన్నీ మారాలి. కిటికీని పక్కలకు పెంచితే పిస్టన్ రింగు అందులోకి ఉబ్బుతుంది, అంచు వాలుగా గీకకపోతే పట్టుకుని విరుగుతుంది. ఈ లెక్కలన్నీ కట్టి చూపినవాడు తూర్పు జర్మనీలో ఎంజెడ్ కంపెనీ ఇంజనీరు వాల్టర్ కాడెన్. 1961కల్లా 125 సీసీ ఇంజన్ నుంచి 25 హార్స్ పవర్ లాగాడు. అదే ఏడు ఆయన రైడరు ఎర్నస్ట్ డెగ్నర్ స్వీడన్ రేసు నుంచే దేశం దాటి పారిపోయి ఆ విద్యను జపాను సుజుకీకి చేరవేశాడు. మరుసటి ఏడు సుజుకీ 50 సీసీ ప్రపంచ చాంపియన్. సరిహద్దులు దాటించి ఎత్తుకుపోవాల్సి వచ్చిన విద్యను మావాడు భోజనం చేస్తా చేస్తా ఫోన్లో చూసి నేర్చుకున్నాడు. అదీ సగమే చూశాడు, మధ్యలో పెరుగు కావాలా అని అమ్మ పిలిచింది.

సరే, తొడకు తెలిసిందంటున్నాడు కదా, దాన్ని కొట్టిపారేయకూడదు. ఏదో తేడా నిజంగానే ఉండి ఉంటుంది. మే నెల మధ్యాహ్నం, జమ్మలమడుగు రోడ్డులో 42 డిగ్రీల ఎండకు బండి లాగడం లేదని హెడ్డు ఇప్పుతాడు. సామాను తెప్పించి, సీటు పాడు చేసి, మళ్ళీ సీటు వేయించి, బండి రోడ్డెక్కేసరికి కార్తీకం దాటుతుంది. డిసెంబరు తెల్లవారుజామున, 20 డిగ్రీల చలిలో, గండికోట దారిన వేసుకుపోతాడు. మే నెల గాలి కంటే ఆ గాలి దాదాపు ఏడు శాతం చిక్కన. ఏ ఆకురాయీ పెట్టకుండానే ఇంజన్ కు ఏడు శాతం ఎక్కువ గాలి అందుతోంది. ఆ ఘనత మార్గశిర మాసానిది, పేరు మాత్రం అబ్బోడిది. మళ్ళీ మార్చి చివరికి బండి లాగడం మానేస్తుంది. "ఇంకొంచెం తీయాల బ్బా" అని హెడ్డు ఇప్పుతాడు.

కొలవడం తెలియని ఊళ్ళా ఇవి? ప్రొద్దుటూరులో కంసాలి ఆకురాయి పెట్టి ఒక గీత గీస్తే రాలిన రజను కిందనే పట్టుకుంటాడు, ముందు తూకం, వెనక తూకం, మధ్యలో పోయింది తరుగు. ఆ తరుగు గురించి మిల్లీగ్రాముల దాకా పంచాయితీ పెట్టే మనిషి కొడుకే మిద్దె మీద హెడ్డును ఎంత గీకాడో చెప్పలేడు. పులివెందుల చుట్టుపక్కల తిరునాళ్ళకు బండలాగుడు పోటీలు పెడతారు. ఎద్దుల పళ్ళు చూసి జతలను వర్గాలుగా విడదీస్తారు. ఒక వర్గంలో బండ బరువు అందరికీ ఒకటే, వాచీ పట్టుకున్నవాడు ఒకడు, టేపు పట్టుకున్నవాడు ఇంకొకడు, లాగిన దూరం అడుగులూ అంగుళాలతో మైకులో చదువుతారు. ఏ రైతూ గెలుపు తన తొడకు తెలిసిందని ప్రైజు అడగడు.

లేత్ షాపులో హెడ్డు పని చేసే పాత మేస్త్రిని చూడండి. ట్రాక్టరు హెడ్డుకు సీట్లు కోసి, పేస్టు పెట్టి వాల్వులు రుద్ది, బోర్లించి, పోర్టులో కిరోసిన్ పోస్తాడు. పోసి బీడీ కోసం బయటికి పోతాడు. తిరిగొచ్చి వాల్వు చుట్టూ వేలితో తడుముతాడు. చెమ్మ తగిలితే మళ్ళీ మొదటికి. అరగ్లాసు కిరోసిన్ ఖర్చు. ఇంత చవకైన పరీక్ష మన మిద్దె ఇంజనీర్లకు నచ్చదు, ఎందుకంటే అది ఫెయిల్ చేస్తుంది.

ఇక్కడ ఒక పేరు తప్పకుండా అడ్డం వస్తుంది: బర్ట్ మన్రో. న్యూజిలాండులో షెడ్డులో కూర్చుని, పిస్టన్లు తనే పోతపోసుకుని, 1967లో అమెరికా ఉప్పునేలల మీద వెయ్యి సీసీ లోపు బండ్లకు రికార్డు కొట్టిన ముసలాయన. "ఆయన ఇంట్లో చేసుకోలేదా?" చేసుకున్నాడు. 1920లో కొన్న ఒకే ఒక ఇండియన్ స్కౌట్ బండి మీద నాలుగు దశాబ్దాలు దాటి చేసుకున్నాడు, 68 ఏళ్ళ వయసులో ఆ రికార్డు కొట్టాడు. ఆయన తేల్చుకోవడానికి పోయిన చోట గడియారం ఉంది. మావాడు తేల్చుకునే చోట ముగ్గురు స్నేహితులున్నారు, ముగ్గురికీ టీ డబ్బులు ఇచ్చేది మావాడే.

ఇంతకీ అబ్బోడి అసలు బాధ నాకు అర్థమవుతుంది. ఇంత కష్టపడి చేసిన పని ఇంజన్ లోపల ఉండిపోయింది, ఊళ్ళో ఎవరికీ కనపడదు. చెప్పుకోవడానికి ఒక నోరు కావాలి. అందుకే సైలెన్సర్ మారుస్తాడు, లోపలి జాలీ పీకేస్తాడు, ఎయిర్ ఫిల్టరు తీసి దుమ్ముకు దారి ఇస్తాడు. పవర్ తొడలోంచి చెవిలోకి మారుతుంది. పులివెందుల రింగు రోడ్డు మీద రాత్రి పదకొండింటికి ఆ చప్పుడు వినపడితే చీనీ తోటకు నీళ్ళు కట్టే రైతు గుడక లేచి కూర్చుంటాడు. అబ్బోడికి కావాల్సింది అదే. మోటారు వాహనాల చట్టం 182ఏ సెక్షన్ ప్రకారం బండిని చట్టవిరుద్ధంగా మార్చిన యజమానికి ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ. రాష్ట్రంలో పలుచోట్ల పోలీసులు ఇట్లాంటి సైలెన్సర్లను రోడ్డు మీద వరసగా పరిచి రోలరుతో తొక్కించారు. హెడ్డు లోపలి నాశనాన్ని మాత్రం ఏ రోలరూ తొక్కనక్కరలేదు, అది ముందే అయిపోయింది.

ఈ కథ చివరి ఘట్టం ఎప్పుడూ బండి అమ్మేటప్పుడే. ఇంటి ఎదురుగా బండి కడిగి నిలబెట్టి ఉంటుంది, పాత సైలెన్సర్ అటక మీది నుంచి దిగి వచ్చి బుద్ధిగా బిగుసుకుని ఉంటుంది. కొనేవాడు జమ్మలమడుగు నుంచి ఒక మెకానిక్ ను వెంటబెట్టుకొచ్చాడు. మెకానిక్ వంగి హెడ్డు బోల్టుల మీద స్పానర్ జారిన గీతలు చూస్తాడు, గ్యాస్కెట్ అంచున పొంగిన సిలికాన్ పేస్టు చూస్తాడు, తలెత్తి అడుగుతాడు: "ఇంజన్ పని ఏమన్నా చేసినారా అన్నా?" రెండేళ్ళుగా టీ అంగళ్ళ దగ్గర మూడు హార్స్ పవర్ లెక్క చెప్పిన అబ్బోడు కళ్ళు ఆర్పకుండా అంటాడు: "ఇంజనా? కంపెనీ బిగించినాక స్పానరే పెట్టలే బ్బా. అంతా ఒరిజినల్."