నా సీసాలు నేనే కొనుక్కున్నాను

కొట్లో దొరకని వస్తువు వస్తువే కాదని మా పెదమామగారి అభిప్రాయం. పెళ్లిలోనో గృహప్రవేశంలోనో కనిపించినప్పుడల్లా "ఏమ్మాయ్, నీ కారప్పొడులు ఎక్కడ దొరుకుతాయి?" అని అడిగేవారు. వాట్సాప్‌లో మెసేజ్ పెడితే కొరియర్ చేస్తానండి అనేదాన్ని. "అది సరేనమ్మా, ఏ కొట్లో?" అనేవారు. పంక్తిలో ఉన్నవాళ్లందరూ నవ్వేవారు. నేనూ నవ్వి, వడ్డించిన పులిహోర తినకుండానే లేచిపోయేదాన్ని.

నిజానికి అప్పటికి నా పని బాగానే నడుస్తోంది. విజయవాడలో మా ఇంటి వెనక గదిలో కంది పొడి, నల్లకారం, కరివేపాకు కారం, ఈ మూడే చేసేదాన్ని. ఎఫ్ఎస్ఎస్ఏఐ 14 అంకెల నంబరు ఉంది. వేరే రాష్ట్రాలకు సరుకు అమ్మాలంటే జీఎస్టీ తప్పనిసరి కాబట్టి అదీ ఉంది. ఇన్‌స్టాగ్రామ్‌లో నేను వెల్లుల్లి ఒలుస్తూ కబుర్లు చెబుతుంటే జనం చూసేవారు, చూసి కొనేవారు. హైదరాబాదుకీ బెంగళూరుకీ పార్సిళ్లు వెళ్లేవి. అమెరికా వెళ్లే పిల్లల సూట్‌కేసుల్లో నా సీసాలకు ఎప్పుడూ చోటుండేది. డబ్బు ముందు ఫోన్లో పడేది, ఆ తర్వాతే నేను మూకుడు పొయ్యి మీద పెట్టేదాన్ని. డబ్బు ముందు, సరుకు తర్వాత. వర్తకం చేసేవాడెవడైనా ఇంతకంటే ఏం కోరుకుంటాడు? నాకు మాత్రం పెదమామగారి నోరు మూయించాలన్న కోరిక ఉండేది. ఈ కథలో వ్యాపారపు ప్రణాళిక అంటూ ఏదైనా ఉంటే అది ఇంతే.

పైగా నేను లిజ్జత్ పాపడ్ కథ చదివి ఉన్నాను. 1959లో బొంబాయిలో ఏడుగురు ఆడవాళ్లు 80 రూపాయలు అప్పు తెచ్చుకుని మేడ మీద అప్పడాలు ఒత్తడం మొదలుపెట్టిన కథ. ఎనభై రూపాయలతో వాళ్లు అంత చేస్తే, నా దగ్గర మిక్సీ, ప్యాకింగ్ మెషీను, వేలల్లో ఫాలోయర్లు ఉన్నారు కదా అనుకున్నాను. అదే కథలో ఇంకో మాట కూడా ఉంది. వాళ్లు ఆ మొదటి అప్పడాలు అమ్మింది భులేశ్వర్‌లో తమకు తెలిసిన వ్యాపారికి. నేను చదివినప్పుడు ఏడుగురూ ఎనభై రూపాయలూ బుర్రలో నిలిచాయి. తెలిసిన వ్యాపారి నిలవలేదు.

నాకు తెలిసిన వ్యాపారి లేరు. మా వీధి చివర కిరాణా కొట్టు షావుకారుగారు ఉన్నారు గానీ, ఆయనకు నేను తెలుసు, నా వ్యాపారం తెలియదు. ఆయన్ని ఒప్పించడానికి నేను చేసిన పని తలుచుకుంటే ఇప్పటికీ ఆ వీధిలోంచి వెళ్లబుద్ధి కాదు. హాట్‌బాక్సులో వేడివేడి అన్నం, చిన్న గిన్నెలో నెయ్యి, ఓ స్టీలు పళ్లెం పట్టుకుని కొట్టుకి వెళ్లాను. రుచి చూస్తే చాలు, వదలరని నా నమ్మకం. సాయంత్రం బేరాల వేళ. మినపగుళ్లు తూయించుకునేవాళ్లు ఒక పక్క, పాల ప్యాకెట్లకు వచ్చినవాళ్లు ఒక పక్క. వాళ్ల మధ్యలో నిలబడి నేను అన్నం కలుపుతున్నాను. షావుకారుగారు పళ్లెం వంక కూడా చూడలేదు. "ఐటం కదులుతుందా అమ్మా?" అన్నారు. చాలా బాగుంటుందండి, మా అమ్మమ్మగారి పద్ధతి అన్నాను. "బాగుంటుందిలేమ్మా. కదులుతుందా?" అన్నారు మళ్లీ. ఆ అన్నం చివరికి గుమాస్తా కుర్రాడు తిన్నాడు. రెండోసారి కూడా పెట్టించుకున్నాడు. కొనడం మాత్రం ఏమీ కొనలేదు.

ఆడమనిషిని పంపేయలేక కావచ్చు, ఆయన డజను సీసాలు ఉంచమన్నారు. నా సీసా 200 గ్రాములు, ఎమ్మార్పీ 150. ఆయన 120కి ఇమ్మన్నారు, 20 శాతం మార్జిన్ అన్నారు. నేను ఎంకాం చదివాను. 120 పెట్టి కొన్నదాని మీద 30 మిగిలితే అది 25 శాతం అవుతుందని, కాగితం మీద భాగహారం వేసి మరీ చూపించాను. ఆయన ఓపిగ్గా విని, "మాకు లెక్కంతా ఎమ్మార్పీ మీదే అమ్మా. నువ్వు ఎంత శాతమని రాసుకున్నా సరే, నాకు 120కి పడాలి" అన్నారు. ఆ రోజు ఆ మాటను చదువు లేనివాళ్ల మొండితనం కింద కట్టేశాను. చిల్లర వర్తకంలో ఆ లెక్క మామూలేనని తర్వాత ఒక్కో బిల్లు చూస్తుంటే అర్థమైంది.

దసరాకి ఆన్‌లైన్‌లో ఆఫర్ పెట్టాను. ఏటా పెడతాను, ఈసారీ పెట్టాను: సీసా 119. కొట్లో ఉన్న డజను సంగతి నాకు గుర్తుకు కూడా రాలేదు. ఎవరో కస్టమరు ఫోన్లో చూపించి, ఇక్కడ 119 అయితే మీరు 150 ఎలా తీసుకుంటున్నారని ఆయన్ని నిలదీశారట. నేను వెళ్లేసరికి నా సీసాలన్నీ నేను తెచ్చిన అట్టపెట్టెలోనే సర్దేసి ఉన్నాయి. "మాకు పడే ధర కంటే రూపాయి తక్కువకే ఇస్తున్నావటగా. నేనూ నీ దగ్గర ఆన్‌లైన్‌లోనే కొనుక్కుంటాలే అమ్మా" అన్నారు. కోపంగా అనలేదు. అదే నన్ను ఎక్కువ బాధపెట్టింది.

ఇంతటితో ఆగే మనిషినైతే ఈ స్వగతం రాసే అవసరమే ఉండేది కాదు. కిరాణా కొట్టు వాళ్లకు నా సరుకు విలువ తెలియదు, ఏసీ ఉన్న చోట తెలుస్తుంది అనుకుని ఊళ్లో నాలుగైదు బ్రాంచీలున్న ఓ సూపర్‌మార్కెట్‌కి వెళ్లాను.

అక్కడి మేనేజరు కూడా రుచి చూడలేదు. సీసా తిప్పి లేబుల్ చదివాడు. నా లేబుల్ మీద మా అమ్మమ్మ బొమ్మ ఉంది, ముగ్గు ఉంది, వంకీల అక్షరాల్లో బ్రాండు పేరుంది. లోపల ఉన్నది కంది పొడి అని మాత్రం చీమ తలకాయంత అక్షరాల్లో ఉంది. తయారైన నెల, ఎమ్మార్పీ ఉన్నాయి. గ్రాముకి ఎంత పడుతుందో రాయలేదు. 150 రూపాయలకి 200 గ్రాములంటే గ్రాముకి 75 పైసలని రాయాలట, తూనికలు కొలతల వాళ్ల నిబంధన. ఫిర్యాదులకు ఫోన్ నంబరుండాల్సిన చోట నేను "ఇన్‌స్టాలో మెసేజ్ పెట్టండి" అని రాసి, పక్కన గుండె బొమ్మ వేశాను. అతను ఆ గుండె మీద వేలు పెట్టి నా వంక చూశాడు. అచ్చువేయించిన లేబుళ్లన్నీ అటక మీదికి వెళ్లాయి.

తర్వాత బార్‌కోడ్ అడిగాడు. నిలువు గీతలే కదా అనుకున్నాను. మన దేశంలో నమోదైన సంస్థల కోడ్‌లు 890తో మొదలవుతాయని ఎక్కడో చూశాను. గీతలు ఉచితంగా గీసిచ్చే వెబ్‌సైటు దొరికింది. 890 తర్వాత మా పెళ్లి తేదీ, మా ఇంటి నంబరు కలిపి కొట్టాను. చివరి అంకె అదే వేసుకుంది, గీతలు చక్కగా వచ్చాయి. బిల్లింగ్ కౌంటర్లో పరీక్షకని స్కాన్ చేస్తే తెర మీద ఫినాయిల్, లీటరు అని వచ్చింది. మా పెళ్లి తేదీ అప్పటికే ఎవరి ఫినాయిల్‌కో కేటాయించేసి ఉంది. ఆ అంకెలు జీఎస్1 ఇండియా అనే సంస్థ దగ్గర ఫీజు కట్టి తీసుకోవాలని, ఒకరికిచ్చినవి మరొకరికి ఇవ్వరని ఆ కౌంటర్లో అమ్మాయి చెప్పింది. బుద్ధిగా వెళ్లి కట్టాను.

ఇక్కడ మార్జిన్ 30 శాతం. ఈసారి భాగహారాలు చేయలేదు, తలూపాను. ఆ తలూపడం ఖరీదు తర్వాత వేసిన లెక్కలో తేలింది. 150లో వాళ్లకు 45 పోతే నాకు 105. అందులో పన్ను 5 పోతే 100. పప్పు, మిరపకాయలు, వెల్లుల్లి, సీసా, మూత, గ్యాసు, సాయానికొచ్చే ఇద్దరు ఆడవాళ్ల కూలి అన్నీ కలిపి సీసాకి 88 పడుతుంది. మిగిలేది 12. కొత్త సరుకు కాబట్టి డజనుకి ఒకటి ఫ్రీ ఇవ్వాలన్నారు, సరే అన్నాను. డజను మీద నాకు మిగిలే 144లో ఆ ఫ్రీ సీసాకి 88 పోతే 56. ఆ డజనులో ఒక్క సీసా అమ్ముడు కాక తిరిగొచ్చిందా, దాని 100 కూడా వదులుకోవాలి. అంటే పదమూడు సీసాలు చేసిచ్చి, ఎదురు 44 రూపాయలు నేనే పెట్టుకున్నట్టు. ఆన్‌లైన్‌లో అదే సీసా మీద పన్ను పోగా 55 దాకా మిగిలేది. ఈ లెక్క సంతకం పెట్టే ముందు వేసుకోవలసింది. ఆ రోజు నేను పెదమామగారికి పంపడానికి షెల్ఫు ఫోటో ఏ వైపు నుంచి తియ్యాలా అని చూస్తున్నాను.

షెల్ఫు అంటే ఏదో కళ్ల ఎదురుగా అనుకునేరు. ఆ వరస పెద్ద కంపెనీలది, దాని అద్దె వేరు. నాకు మోకాళ్ల దగ్గర అర ఇచ్చారు, అప్పడాల కట్టల పక్కన. అక్కడికి నేను ఎన్నిసార్లు వెళ్లి వంగి చూశానో ఆ కుర్రాళ్లకు తెలుసు. పక్క సీసాలు వెనక్కి నెట్టి నావి ముందుకు జరిపేదాన్ని. సాయంత్రానికి మళ్లీ ఎవరో సర్దేసేవారు. నా సీసాలు మాత్రం పెట్టినవి పెట్టినట్టే ఉండేవి. ఫోన్లో కొనేవాళ్లు కొన్నది నా కబుర్లు, నా వెల్లుల్లి ఒలుపు, మా అమ్మమ్మ కథ. వాటితో పాటు పొడి కూడా వెళ్లేది. ఇక్కడ సీసా ఒక్కతే పెళ్లిచూపుల్లో మాట పడిపోయిన పిల్లలా కూర్చుంది. దాని తరఫున మాట్లాడేవాళ్లు లేరు. ఇది నాకు అర్థమైంది. అర్థమైన తర్వాత కూడా చేసిన పని చూడండి.

కదలని ఐటం తీసేస్తామని మేనేజరు చెప్పి ఉన్నాడు. అందుకని కదిలించాను. ముందు నేనే వెళ్లి రెండు కొన్నాను. మర్నాడు మా ఆడపడుచు చేత కొనిపించాను, తర్వాత మా తమ్ముడి చేత, ఎదురింటావిడ చేత. ముందుగానే వాళ్లకు ఫోన్‌పే చేసేదాన్ని. బ్రాంచి మార్చి బ్రాంచి తిరిగాను. ప్రతి సీసాకి 150 నా చేతి నుంచి వెళ్లేది, ఎప్పుడో 105 తిరిగొస్తుంది. సీసా మాత్రం అప్పుడే ఇంటికొచ్చేసేది, ఎక్స్‌పైరీకి మరికొన్ని రోజులు దగ్గరపడి. ఇది ప్రకటనల ఖర్చు అని పుస్తకంలో రాసుకున్నాను. "మన కంది పొడి మనమే కొంటున్నామేంటి?" అని మావారు ఒకసారి అడిగారు. మార్కెటింగ్ అన్నాను. ఆయన బ్యాంకు ఉద్యోగి. ఇంకేమీ అడగలేదు, కానీ ఆ రాత్రి నా పుస్తకం తీసి చదవడం చూశాను. బిల్లింగ్ దగ్గర పిల్ల "ఫోన్ నంబరు చెప్పండి మేడమ్, పాయింట్లు పడతాయి" అనేది. ఊరికే వచ్చేవి వదులుకోవడమెందుకని చెప్పేదాన్ని. మిగతావాళ్లకూ నా నంబరే చెప్పమన్నాను.

నా మార్కెటింగ్ ఫలించింది. వాళ్ల కంప్యూటరు నా అమ్మకాలు చూసి మురిసిపోయి, అన్ని బ్రాంచీలకూ కలిపి పెద్ద ఆర్డరు పెట్టింది. అది నిజమైన ఆర్డరన్నట్టు నేనూ మురిసిపోయాను. పెదమామగారికి ఫోను చేసి మరీ చెప్పాను. అది మిరప సీజను కూడా కాదు, కోల్డ్ స్టోరేజీ కాయ ఎక్కువ ధరకి కొన్నాను. మావారిని అడిగి అప్పు పెట్టుకున్నాను. అటు ఆన్‌లైన్ కస్టమర్లు ఇంకా రాలేదేమని మెసేజ్‌లు పెడుతుంటే, డబ్బు ముందే కట్టిన వాళ్లని ఆపి, ఎప్పుడిస్తారో తెలియని వాళ్లకోసం రుబ్బాను.

అంత సరుకు నేనూ మా ఆడపడుచూ కొనగలిగేది కాదు. సీసాలు అరల్లోనే ఉండిపోయాయి. నా పొడుల్లో నిల్వ మందులుండవు కాబట్టి మూడు నెలలే గడువు. వెల్లుల్లి నూనె లేబుల్ అంచుల్లోకి ఊరింది, లైటు కింద కారం రంగు తగ్గింది. డబ్బులడిగితే అమ్ముడైన వాటికే ఇస్తామన్నారు. ఉద్యమ్ రిజిస్ట్రేషన్ ఉన్న చిన్న తయారీదారుకి 45 రోజుల్లో చెల్లించాలని, దాటితే మూడు రెట్ల బ్యాంకు రేటున చక్రవడ్డీ ఇవ్వాలని 2006 నాటి ఎంఎస్ఎంఈ చట్టంలో ఉంది. ఆ పేజీ ప్రింటు తీసి పట్టుకెళ్లాను. మేనేజరు మర్యాదగానే చదివి, మనం రాసుకున్న కాగితం కూడా చదవండి మేడమ్ అన్నాడు. అమ్మకం లేదా వాపసు అని ఉంది. అమ్ముడయ్యేదాకా సరుకు నాదేనట, వాళ్లు కొన్నట్టే కాదట. ఆ కాగితం కింద సంతకం నాదే, గుండ్రంగా, అందంగా ఉంది.

చివరికి ఖాతా తేల్చడానికి పిలిచారు. తిరిగొచ్చిన అట్టపెట్టెలు గోదాము బయట పేర్చి ఉన్నాయి. మేనేజరు కంప్యూటరు ముందు కూర్చుని, మొదట్లో అంత బాగా పోయిన ఐటం ఒక్కసారిగా ఎందుకు ఆగిపోయిందో తనకీ ఆశ్చర్యంగానే ఉందన్నాడు. కొన్నవాళ్ల వివరాలు తీశాను, మీరు వాళ్లతో మాట్లాడితే కారణం తెలుస్తుందేమో అని తెర నా వైపు తిప్పాడు. పై నుంచి కింది దాకా ఒకటే ఫోన్ నంబరు.

"ఇది మీదే కదా మేడమ్?" అన్నాడు.

అవునన్నాను. అతను నవ్వలేదు. సంస్కారం ఉన్న కుర్రాడు. కాసేపు కీబోర్డు మీద ఏదో చూసుకుని, "మీకు పాయింట్లు బాగానే ఉన్నాయి మేడమ్, నెలాఖరుకి అయిపోతాయి" అన్నాడు.

కిందికి వెళ్లి కందిపప్పు తీసుకున్నాను.