ఊటీకి తమ్ముడు, కాశ్మీర్‌కు బావమరిది

మన పర్యాటకుడికి ఏ ఊరూ సొంత పేరుతో ఆనదు. దానికి ఇంకెక్కడిదో పేరు తగిలిస్తేనే ఆయన కారు కదులుతుంది.

అరకు ఆంధ్రా ఊటీ. మదనపల్లె దగ్గరి హార్స్‌లీ హిల్స్ కూడా ఆంధ్రా ఊటీయే. ఒక రాష్ట్రానికి రెండు ఊటీలెందుకని అడిగిన వాడు లేడు. లంబసింగి ఆంధ్రా కాశ్మీర్, కోనసీమ ఆంధ్రా కేరళ. చూడబోతే 2014 పంపకాల్లో ఊటీలూ కాశ్మీరూ కేరళా అన్నీ ఆంధ్రాకే పోయాయి. తెలంగాణకు నయాగరా ఒక్కటి దక్కింది. ములుగు జిల్లా బొగత జలపాతం అన్నమాట. దీని మీద ఇంతవరకూ ఎవరూ కోర్టుకెక్కకపోవడం వింతే. బొగత ఎత్తు ముప్పై అడుగులు, నయాగరాది నూట అరవై పైమాటే కదా అంటే మాత్రం మీరు కుళ్ళుబోతుల కింద లెక్క.

ప్రయాణం ఖాయమయ్యే పద్ధతి కూడా తెలిసిందే. శుక్రవారం రాత్రి అర నిమిషం రీల్ ఒకటి వాట్సాప్ గ్రూపులో పడుతుంది. డ్రోన్ షాటు, వెనక సిద్ శ్రీరామ్ గొంతు, పైన 'హైదరాబాద్ దగ్గర్లోనే స్విట్జర్లాండ్' అని పసుపు అక్షరాలు. ఆ ఊళ్ళో ఏం పండుతుంది, ఏం తింటారు, ఎవరుంటారు అన్న ప్రశ్నలు రావు. "పార్కింగ్ ఉందా?" ఒక్కటే వస్తుంది. డిసెంబరులో లంబసింగి చేరి తెల్లారకముందే వణుకుతూ నిలబడ్డ పెద్దమనిషి ఫోన్‌లో ఉష్ణోగ్రత చూసి "ఐదు డిగ్రీలేనా? రీల్‌లో సున్నా అన్నారే!" అని టీ కొట్టు మీద విరుచుకుపడతాడు, చలి కూడా ఆ కొట్టువాడే తూకంలో తగ్గించినట్టు. చుట్టూ ఉన్న కాఫీ, మిరియాల తోటలు ఆయన కంట పడవు. కాశ్మీర్‌లో కాఫీ పండదు మరి, చూడటం ఎందుకు?

అన్నిటికన్నా పెద్ద అన్యాయం గండికోటకు జరిగింది. దానికిచ్చిన బిరుదు 'గ్రాండ్ క్యాన్యన్ ఆఫ్ ఇండియా'. అరిజోనాలో కొలరాడో నది కోసిన లోయ మైలుకు పైగా లోతు. మన పెన్నా ఎర్రమల కొండల్ని కోసింది వందల అడుగుల లెక్కలో. ఈ పోలికలో గండికోట ఎప్పటికీ ఓడిపోవాల్సిందే. కానీ అరిజోనాలో లేనివి ఇక్కడ చాలా ఉన్నాయి. పెమ్మసాని నాయకుల కోట ఉంది, మాధవరాయ స్వామి గోపురం ఉంది, రంగనాథాలయం, జామా మసీదు, పక్కనే పెద్ద ధాన్యాగారం ఉన్నాయి. 1652లో తవెర్నియే అనే ఫ్రెంచి రత్నాల వ్యాపారి వచ్చి, కోటను అప్పుడే గెలిచిన గోల్కొండ సేనాని మీర్ జుమ్లాను కలిసింది ఇక్కడే. వీటన్నిటి మధ్య నుంచే నడుస్తూ మనవాడు "వ్యూ పాయింట్ ఎటు?" అని అడుగుతాడు. లోయ అంచున కాళ్ళు వేలాడేసి, వీపు కెమెరాకు తిప్పి, ఫొటో దిగి, జమ్మలమడుగులో బిర్యానీకి పరుగెడతాడు. ఇదే లోయకు ఎగువన కట్టిన జలాశయంలో తాళ్ళప్రొద్దుటూరు లాంటి ఊళ్ళు మునిగిపోయాయి. వాటికి బిరుదులు లేవు కాబట్టి అడిగేవాళ్ళూ లేరు.

పర్యాటకుణ్ణి ఒక్కణ్ణే తిట్టడం న్యాయం కాదులెండి. బ్రోషర్లు అచ్చువేసే పెద్దలూ ఇదే పాట పాడుతున్నారు. మన సరుకును మనమే నకిలీ అని చాటుకుని అమ్మే వ్యాపారం ఇంకే రంగంలోనైనా ఉందా? హార్స్‌లీ హిల్స్‌కు ఏనుగు మల్లమ్మ కొండ అనే పేరుండేది. ఏనుగులు పెంచిన పిల్ల కథ దాని వెనక ఉంది. ఆ కథను బ్రిటిష్ కలెక్టర్ పేరు కింద ఒకసారి, ఊటీ కింద రెండోసారి పాతిపెట్టాం.

కాశ్మీరే చూడాలని ఉంటే 2025 జూన్ నుంచి కాట్రా, శ్రీనగర్ మధ్య వందే భారత్ రైలు నడుస్తోంది. టికెట్ కొనుక్కుని వెళ్ళిరండి. లంబసింగికి మాత్రం లంబసింగి కోసమే వెళ్ళండి. వెళ్తే కారు రోడ్డుకు అడ్డంగా పెట్టకండి, తోటల్లో పనికి వెళ్ళేవాళ్ళకు దారి కావాలి.