మంచం కింద ఇంజను

పాత క్యాంపర్ వ్యాను కొందామనుకునేవాడు కనిపించినవాణ్నల్లా సలహా అడుగుతాడు. వద్దన్నవాళ్ల మాట ఈ చెవిన విని ఆ చెవిన వదిలేస్తాడు. ఎవరో ఒకరు "ఏమో, బానే ఉండొచ్చు" అని నసిగితే చాలు, వాళ్లని కూర్చోబెట్టి కాఫీ ఇప్పిస్తాడు. నాకు అలాంటి మనిషి ఇంట్లోనే దొరికారు. మా మామగారు.

ఆయనది తెనాలి. ఆర్టీసీ డిపోలో మెకానిక్కుగా చేరి, సర్వీసంతా లేలాండ్ బస్సుల కింద వెల్లకిలా పడుకుని రిటైరయ్యారు. కూతురి దగ్గర ఆర్నెల్లుండి పోదామని అత్తగారితో కలిసి శాన్‌హోసే వచ్చారు. వచ్చిన కొత్తలో నా కారు బానెట్ ఎత్తమన్నారు. ఎత్తాను. టెస్లా కదా, లోపల ఖాళీ డబ్బా. ఆయన ఆ ఖాళీలోకి కాసేపు తొంగిచూసి, "మరి ఇంజనేదీ?" అన్నారు. లేదని చెప్పాను. ఆనాటి నుంచి నా ఉద్యోగం మీద కూడా ఆయనకు కాస్త అనుమానంగానే ఉంది.

ఇలా ఉండగా శాంటా క్రూజ్‌లో ఒక బండి అమ్మకానికుందని తెలిసింది. 1985 ఫోక్స్‌వాగన్ వానగాన్, వెస్ట్‌ఫాలియా క్యాంపర్. కప్పు పైకి లేస్తుంది, పైన ఇద్దరు పడుకోవచ్చు, కింద ఇద్దరు. రెండు బర్నర్ల పొయ్యి, చిన్న సింకు, ఫ్రిజ్. ధర 11,000 డాలర్లు. "రిపేర్లు కొద్దిగా ఉన్నాయి" అన్న మాట చివర్లో, చిన్న అక్షరాల్లో.

మా ఆవిణ్ని ఒప్పించడానికి నేను చరిత్రతో మొదలుపెట్టాను. 1947లో బెన్ పాన్ అనే డచ్చి వ్యాపారి నోటుపుస్తకంలో ఒక డబ్బా బొమ్మ గీశాడనీ, 1950కల్లా అది బండై ఫ్యాక్టరీ దాటిందనీ, మరుసటేడు నుంచే వెస్ట్‌ఫాలియా కంపెనీ వాటిలో పరుపులూ అల్మారాలూ బిగించడం మొదలెట్టిందనీ చెప్పాను. బ్రెజిల్లో పాత మోడలు 2013 దాకా తయారైందనీ, ఎయిర్‌బ్యాగులు తప్పనిసరి చేశాక గానీ ఆపలేదనీ గొప్పగా ముగించాను.

"అంటే ఇందులో ఎయిర్‌బ్యాగులుండవన్నమాట," అంది తను.

తర్వాత లాప్‌టాప్ తెరిచి లెక్కేసింది. మోటెల్ గది రాత్రికి 150 డాలర్లనుకున్నా ఈ డబ్బుతో 73 రాత్రులు పడుకోవచ్చట. రిపేర్లూ ఇన్సూరెన్సూ కలిపితే ఎన్నేళ్లు పడుకోవచ్చో అడగలేదు. చెప్పేట్టుందని అడగలేదు.

రచయిత స్టెయిన్‌బెక్ మాటెత్తాను. 1960లో ఆయన ఇలాంటి బండిలోనే దేశమంతా తిరిగాడు, ఆ బండి ఇప్పటికీ ఇక్కడికి దగ్గర్లో, సాలినాస్ మ్యూజియంలో ఉంది అన్నాను. అది నిజమే. కానీ ఆయన కొన్నది కొత్త ట్రక్కు. ఆర్డరిచ్చి మరీ వెనక గది కట్టించుకున్నాడు. ఆ వివరం నేను చెప్పలేదు. పాత బండ్ల ప్రేమికులెవరూ చెప్పరు.

సరే, చూస్తే పోయిందేముందని ఒక ఆదివారం నలుగురం బయల్దేరాం. గడప దాటబోతూ మామగారు వెనక్కి వెళ్లి, ఫ్రిజ్ తలుపు మీదున్న తిరుపతి వెంకన్న మాగ్నెట్ పీకి జేబులో వేసుకున్నారు. ప్రయాణానికి రక్ష కాబోలని అత్తగారు మురిసిపోయింది.

శాంటా క్రూజ్‌లో గానీ తెలియలేదు అది పనిముట్టని. రేకుకి అయస్కాంతం అంటుకుంటుంది. తుప్పు తిన్నచోట పుట్టీ మెత్తి పైన రంగేస్తే అంటుకోదు. ఈ బండ్లలో తుప్పు మొదలయ్యేదే రెండు రేకులు కలిసే అతుకుల దగ్గర. చేతిలో స్వామి ఉన్నాడు గనక మామగారు ముందు చెప్పులు విడిచారు. డ్రైవరు తలుపు దగ్గర మొదలుపెట్టి, బండిని కుడిచేతి వైపు ఉంచుకుని, అడుగడుగునా స్వామిని రేకుకి ఆనిస్తూ చుట్టూ తిరగసాగారు. అమ్మే పెద్దాయనకు డెబ్భై దాటుంటాయి, తెల్లటి పిలక జుట్టు. ఇది మా ఆచారమనుకుని టోపీ తీసి చేత్తో పట్టుకుని నిలబడ్డాడు.

తలుపు మీద స్వామి నిలిచాడు. ముందు వైపు నిలిచాడు. స్లైడింగ్ డోరు మీద భేషుగ్గా నిలిచాడు. తిరిగి తిరిగి ఎడమ వైపుకొచ్చి, ఫ్రిజ్ గాలి బయటికి పోయే జాలీ కింద ఆనించగానే టప్పున కిందపడ్డాడు. మామగారు తీసి, కళ్లకద్దుకుని, మళ్లీ ఆనించారు. మళ్లీ పడ్డాడు.

"అల్లుడుగారూ, ఇక్కడ స్వామి నిలబడ్డం లేదు. జానెడు పుట్టీ."

"ఏమంటున్నారాయన?" అని పెద్దాయన భక్తిగా అడిగాడు.

"దేవుడు కొంచెం ఆలోచిస్తున్నాడు," అన్నాను.

ఇంజను చూడాలన్నారు మామగారు. పెద్దాయన బండి ముందుకి కాకుండా వెనక్కి వెళ్లి, తలుపెత్తి, పరుపు తీసి పక్కన పెట్టి, దాని కిందున్న మూత లేపాడు. "మంచం కింద ఇంజనా?" అని మా ఆవిడ నా వంక చూసింది. లెక్కలో ఈ పాయింటు లేదు పాపం, అక్కడికక్కడే ఫోన్లో చేర్చుకుంది. ఆయిల్ ఎక్కడ పోస్తారంటే ఆయన నంబరు ప్లేటు కిందికి వంచాడు. దాని వెనకే ఆయిల్ మూత, కొలిచే పుల్ల. మామగారి మొహం వెలిగింది. బండి ఎవరు గీశారో గానీ, కింద పడుకుని పని చేసేవాడి బాధ తెలిసినవాడన్నారు.

ఇంజను వెనక, రేడియేటరు ముందు. అందుకని నీళ్లు గొట్టాల్లో బండి పొడవునా వెళ్లి చల్లబడి, అంత దూరమూ తిరిగి రావాలి. హెడ్డు దగ్గర ఆ నీళ్లని ఆపేది రబ్బరు సీలు. కూలెంటు ఏదిపడితే అది పోసుకుంటూ పోతే దాని కింద అల్యూమినియం గుంటలు పడి చెమ్మ ఊరుతుంది. నలభై ఏళ్లలో ఎంతమంది ఓనర్లు ఏమేం పోశారో! మామగారు అంచు వెంబడి వేలు రాసి, వాసన చూసి, నాలిక దాకా తీసుకెళ్తుంటే అత్తగారు "ఏవండీ!" అని కేకేసింది. కూలెంటు విషం; కేకేయడం మంచిదే అయింది. ఆయన సైలెన్సరు మీద చెయ్యేసి చూశారు. వెచ్చగా ఉంది.

"మనం రాకముందే ఒకసారి స్టార్ట్ చేసి ఉంచాడు. చల్లారిన ఇంజను సెల్ఫ్ కొడితేనే గుట్టంతా బయటపడేది. నీలం పొగైతే ఆయిల్ తాగుతున్నట్టు, తెల్ల పొగ ఆగకుండా వస్తే నీళ్లు లోపలికి పోతున్నట్టు."

అత్తగారి పరీక్ష వేరు. ఆ ఫ్రిజ్ గ్యాసు మీదా, బ్యాటరీ మీదా, ఇంటి కరెంటు మీదా నడుస్తుందని పెద్దాయన చెబితే ఆవిడ నమ్మలేదు. మంట వెలిగిస్తే చల్లబడ్డమేమిటంది. నిజానికి అది అలాగే పని చేస్తుంది, కాకపోతే బండి సమంగా ఉన్న చోట ఆపాలి. "ఒక పొయ్యి మీద అన్నం, రెండోదాని మీద పప్పు. మరి తాలింపెక్కడ పెట్టనూ?" అంది. జర్మన్లు దీని గురించి ఆలోచించలేదు.

ఇంకో చిక్కు కాలిఫోర్నియాది. 1975, అంతకు ముందు మోడళ్లకు పొగ పరీక్ష అక్కర్లేదు. మా బండి ఇంకో పదేళ్లు ముందు పుట్టుంటే బాధ తప్పేది. ఇప్పుడు రెండేళ్లకోసారి నెగ్గాలి. విసుగొచ్చి ఇంజను తీసేసి సుబారుది పెట్టించేవాళ్లు చాలామందే ఉన్నారు గానీ, అది పెడితే పొగ పరీక్షల రిఫరీ దగ్గరికెళ్లి సర్టిఫై చేయించుకోవాలి. ఈ రాష్ట్రంలో ఇంజను మార్పిడికి రిఫరీ ఉన్నాడని వినగానే మామగారికి అమెరికా మీద గౌరవం పెరిగింది.

నేను రాసుకుంటున్న రిపేర్ల చిట్టా రెండో పేజీలోకి వెళ్లింది. మామూలుగా ఏ వస్తువుకైనా చిట్టా పెరిగేకొద్దీ మోజు తగ్గాలి. పాత బండి విషయంలో అది తిరగబడుతుంది. లోపం తెలియనంతసేపే భయం. పేరు తెలిశాక అది పని అయిపోతుంది, పనికి పానా ఉంటుంది. మామగారి చొక్కా చేతులు మోచేతుల దాకా మడిచి ఉన్నాయి. ఇండియా నుంచి వచ్చాక ఆయన ఇంత హుషారుగా మాట్లాడ్డం చూడలేదని మా ఆవిడే అంది, గొంతులో ఫిర్యాదు కలుపుకుని.

వెనక్కి తిరగబోతుంటే పెద్దాయన తాళాలు నా చేతిలో పెట్టాడు. మీ కారు ఇక్కడ ఉంచి దీన్ని తీసుకెళ్లండి, ఒక రాత్రి పడుకుని చూసి చెప్పండన్నాడు. శాంటా క్రూజ్ నుంచి శాన్‌హోసేకి దారి 17వ నంబరు రోడ్డు. కొండ ఎక్కాలి, పైకి దాదాపు 1,800 అడుగులు. ఇంజను బలం 82 గుర్రాలు; నలుగురం ఎక్కాక అందులో కొన్ని పని మానేశాయి. మూడో గేరులోంచి రెండులోకి దిగాను. వెనక కార్లు బారులు తీరాయి. హారన్ కొడతారనుకుంటే, దాటి వెళ్తున్న ప్రతివాడూ నవ్వుతూ చెయ్యూపాడు. టెస్లాలో ఇన్నేళ్లూ తిరుగుతున్నా నాకు చెయ్యూపిన పాపాన ఎవరూ పోలేదు.

ఆ రాత్రి బండి మా డ్రైవ్‌వేలో ఉంది. ఇంట్లో మంచాలుండగా వాకిట్లో పడుకోవడమేంటని అత్తగారు లోపలికెళ్లిపోయింది. మామగారు మాత్రం కింది పరుపు మీద, ఇంజను పైన, హాయిగా గురక పెట్టారు. తెల్లారి ఆయనే సెల్ఫ్ కొట్టి, పొగ రంగు చూసి, తెలుపేగానీ ఆగిందని తీర్పిచ్చారు. బండి తిరిగిచ్చేశాం.

వారం తిరక్కుండానే ఇళ్ల సంఘం నుంచి ఉత్తరం వచ్చింది. డ్రైవ్‌వేలో రాత్రిపూట విహారవాహనాలు నిలపరాదు, నేల మీద పడిన ఆయిల్ మరక వెంటనే శుభ్రం చేయించాలి. కొనకముందే ఖర్చు మొదలైందని మా ఆవిడ లెక్కల్లో కొత్త వరస చేర్చింది: డ్రైవ్‌వే కడిగించడం. మామగారు ఉత్తరం పట్టించుకోలేదు. మరక దగ్గర గొంతుక్కూర్చుని, వేలితో తీసి ముక్కు దగ్గర పెట్టుకున్నారు.

"గంధకం కంపు కొడుతోంది. ఇది ఇంజనాయిల్ కాదు, గేరాయిల్. మనం రాసుకోలేదిది." ఆయన మొహంలో సంతోషం దాగడం లేదు. "అల్లుడుగారూ, ఫోన్ చేసి ఇంకో ఐదొందలు తగ్గించమనండి."

నేను మా ఆవిడ వంక చూశాను. ఆవిడ స్క్రీన్ మీంచి కళ్లెత్తకుండానే అంది:

"ఐదొందలేంటి నాన్నా, వెయ్యి అడగమనండి. పుట్టీకి ఇంకా ఏం తగ్గించలేదతను."