ఒక పిస్తోలు పద్దుకు టీకా తాత్పర్యం

మూలం

"హుస్క్‌వర్నా ఎం/40. 9 మి.మీ. ఒర, అదనపు మ్యాగజీన్లు రెండు. 'ఐ 11' ముద్ర. పగుళ్లు లేవు. పేలుతుంది."

అవతారిక

ఇది వచనం. స్వీడన్‌లో పాత తుపాకులు అమ్మే దుకాణదారు ధరల పట్టికలో వేసే బాపతు పద్దు. కర్త పేరు చెప్పుకోడు. వక్త అమ్మేవాడు, శ్రోత, ఇంట్లో ఇనప్పెట్టె అప్పటికే నిండిపోయినవాడు. రసం విప్రలంభ శృంగారం: నాయిక అద్దాల బీరువాలో, నాయకుడు అద్దానికి ఇవతల.

మూలంలో లేనిది రాయనని కొలాచల మల్లినాథ సూరి వ్రతం పట్టాడు. కాళిదాసు దగ్గర ఆ వ్రతం చెల్లింది. ఈ కర్త దగ్గర చెల్లదు. ఇతను చెప్పినదానికన్నా మింగినది ఎక్కువ.

ప్రతిపదార్థం

హుస్క్‌వర్నా = వెట్టర్న్ సరస్సు దక్షిణపు కొసన, యోన్‌షోపింగ్ పక్కన ఉన్న ఊరు; లక్షణచేత ఆ ఊరి కర్మాగారం. 1689లో సైన్యానికి తుపాకులు చేయడానికి పుట్టింది. తుపాకుల గిరాకీ పడిపోతే కొలిమి ఆర్పుకోవడం ఇష్టంలేక 1872లో కుట్టుమిషన్లు, 1903లో మోటారు సైకిళ్లు, ఆపైన గడ్డి కోసే యంత్రాలు, చెట్లు కోసే రంపాలు మొదలుపెట్టింది. ఈనాటి రంపం మీద ఉండే ముద్ర కూడా తుపాకీని గొట్టం కొసవైపు నుంచి చూస్తే కనబడే గురిబొమ్మే. కాబట్టి పద్దులో ఈ ఒక్క పదమే ఉంటే అతివ్యాప్తి దోషం: పిస్తోలు కొనబోయినవాడి ఇంటికి కుట్టుమిషను వచ్చి దిగినా కాదనడానికి వీల్లేదు. ఆ దోష నివారణకే తరువాతి పదం.

ఎం/40 = 1940 నాటి మాదిరి. ఇంతవరకు ఎవరైనా చెబుతారు.

ఇక్కడ ఒక శంక. 1939లోనే స్వీడన్ సైన్యం ఎం/39 అనే పిస్తోలును ఖాయం చేసుకుని ఉండగా, ఏడాది తిరక్కుండా ఎం/40 ఎందుకు? సమాధానం: ఎం/39 అంటే జర్మనీవారి వాల్టర్ పి38. బేరం కుదిరింది; ఇంతలో జర్మనీ యుద్ధానికి దిగింది. యుద్ధంలో ఉన్నవాడు తన పిస్తోళ్లు పొరుగువాడికి పార్సిలు చేస్తాడా? ఏవో కొన్ని వచ్చాయి, తక్కినవి రాలేదు. సరేనని తూర్పు పొరుగైన ఫిన్లాండ్ వైపు తిరిగారు. అక్కడ ఐమో లాహ్తి రూపకల్పన చేసిన ఎల్-35 ఉంది. 1939 నవంబరు 30న సోవియట్ సైన్యం ఫిన్లాండ్ మీద పడింది. ఆ తలుపూ మూసుకుంది. చివరికి స్వీడన్ చేతికి దక్కింది పిస్తోలు కాదు, పిస్తోలు చేసుకునే హక్కు. ఆ పని మొదట ఒప్పుకున్న కంపెనీ చేతులెత్తేస్తే హుస్క్‌వర్నా నెత్తిన పడింది. 1942 నుంచి 1946 దాకా సుమారు 84 వేలు చేశారు. అసలు తండ్రి ఇంట్లో, ఫిన్లాండ్‌లో, ఎల్-35లు తయారైనవి 9 వేల చిల్లర. అంచేత లాహ్తి పిస్తోలు సొంతూళ్లో అరుదు, పెంపుడింట్లో సమృద్ధి. సేకర్తల లోకంలో ధరలు కూడా ఈ న్యాయాన్నే పాటిస్తాయి.

ఇది ఈ ఒక్క పిస్తోలు జాతకం కాదు. స్వీడన్ 1907లో ఎంచుకున్న ఎం/07 బెల్జియంలోని ఎర్‌స్తాల్ నుంచి వచ్చే బ్రౌనింగ్. 1914లో జర్మన్లు బెల్జియంలోకి నడిచారు, రాక ఆగింది, 1917 నుంచి హుస్క్‌వర్నాయే చేసుకుంది. డెన్మార్క్ వాడిన బెర్గ్‌మన్-బయార్డ్ 1910 కూడా ఎర్‌స్తాల్ సరుకే. అదీ ఆగింది, డేన్లు కోపెన్‌హాగన్‌లో సొంతంగా చేసుకుని 1910/21 అని పేరు పెట్టారు. స్కాండినేవియా సైనిక పిస్తోళ్ల చరిత్రలో సగం రాని పార్సిళ్ల చరిత్ర. మన కర్త దీన్నంతటినీ "ఎం/40" అన్న ముక్కలో ఇమిడ్చాడు. సూత్రకారుడంటే అలా ఉండాలి.

ఎం/40ని కొందరు "స్వీడిష్ లూగర్" అని రాస్తారు. అపపాఠం. వాలిన పిడి, సన్నటి గొట్టం చూసి మోసపోయిన లేఖకుల పని. లూగర్‌లో మోకాలిలా మడత పడి పైకి లేచే కీలు ఉంటుంది. లాహ్తిలో బోల్టు నేరుగా వెనక్కి జరుగుతుంది. దాన్ని బిగించి పట్టేది నిట్టనిలువుగా ఎక్కి దిగే ఒక ఉక్కు ముక్క. పైగా బోల్టును వెనక్కి విసరడానికి మెషీన్ గన్‌లో ఉండేలాంటి వేగం పెంచే మీట ఒకటి. మెషీన్ గన్లు చేసి చేయి తిరిగినవాడు పిస్తోలు చేస్తే ఇలాగే ఉంటుంది.

మరొక శంక: ఫిన్లాండ్ స్కాండినేవియాలో చేరుతుందా? చేరదని ఫిన్లాండ్ వారే అంటారు, నార్డిక్ అనండి చాలంటారు. ఎం/40 మట్టుకు స్వీడన్‌లో పుట్టింది గనుక ఈ వాదం మనకు అనావశ్యకం. డెన్మార్క్ 1949లో తీసుకున్న ఎం/49 సంగతి వేరు. అది ఆసాంతం స్విట్జర్లాండ్ వారి సిగ్ పి210. సేకర్తలు దాని పేరెత్తితే గొంతు తగ్గిస్తారు, ధర వింటే కళ్లు దించుతారు.

9 మి.మీ. = తొమ్మిది మిల్లీమీటర్లు. ఏ తొమ్మిది? ఎం/40ది పారాబెల్లం, తొడుగు పొడవు 19 మిల్లీమీటర్లు. ఎం/07ది బ్రౌనింగ్ లాంగ్, 20. డేన్ల బెర్గ్‌మన్‌ది 23. ఒకదాని తూటా ఇంకొకదానికి పనికిరాదు. అమెరికాకు ఎగుమతైన ఎం/07లలో చాలావాటికి దొరకని తూటాతో వేగలేక తూటా కూర్చునే అరలో తొడుగు బిగించి .380కి మార్చేశారు, అంటే 17. సేకర్తలు ఆ తొడుగును చూసినప్పుడు తాళపత్రం మీద బాల్‌పెన్నుతో దిద్దినట్టు బాధపడతారు. కాల్చేవాడు మాత్రం ఊళ్లో దొరికే తూటా పడుతోందని సంతోషిస్తాడు. ఈ సంప్రదాయ భేదం ఎప్పటికీ తీరదు. (మన దేశంలో 9 మి.మీ. నిషిద్ధ బోరు. తెలుగు పాఠకుడు ఈ పదం దగ్గర ఆగకుండా ముందుకు సాగడం క్షేమం.)

ఒర = ఒర.

అదనపు మ్యాగజీన్లు రెండు = ఆ ఒర జేబుల్లో ఉండేవి. ఒక్కోదానికి ఎనిమిది తూటాలు. స్ప్రింగు మహా బిగువు. బొటనవేలితో ఆరు ఎక్కించేసరికి సైనికుడు దేశభక్తిని పునరాలోచిస్తాడని కాబోలు, నింపడానికి ఒక పనిముట్టు కూడా ఇచ్చారు. అది ఉందో లేదో కర్త చెప్పలేదు. మౌనం అంగీకారం కాదు, లోపమని గ్రహించాలి.

'ఐ 11' ముద్ర = ఐ అంటే పదాతి దళం; 11 అంటే వెక్షో పట్టణంలో ఉండిన క్రూనూబెరి రెజిమెంటు. ఈ రెండక్షరాల ముద్రతో అనామక పిస్తోలుకు గోత్రం, ఊరు ఏర్పడ్డాయి. గోత్రానికి వేరే ధర.

ఇక్కడ నార్వే వారి ఉదాహరణతో పోల్చుకోవాలి. కోంగ్స్‌బెరి కర్మాగారం అమెరికా కోల్ట్‌ను అనుమతి తీసుకుని .45 బోరులో ఎం/1914 పేరుతో చేసేది. బొటనవేలికి తేలిగ్గా అందాలని స్లయిడ్ ఆపే మీటను పొడవు చేశారు. దాన్ని చూసి సేకర్త గది ఆ చివర నుంచే గుర్తుపడతాడు. 1940లో జర్మన్లు నార్వేను ఆక్రమించి, ఆ కర్మాగారంలో అవే పిస్తోళ్లు తమకోసం చేయించుకున్నారు. 1945 తేదీతో ఉన్నవాటి మీద జర్మన్ తనిఖీ ముద్ర పడింది. అదే కర్మాగారం నుంచి పనివాళ్లు సాయంత్రం ఇళ్లకు వెళ్తూ మధ్యాహ్నపు రొట్టె తెచ్చుకున్న డబ్బాలో ఒకరు ఒక స్ప్రింగు, ఒకరు ఒక మీట దాచి బయటకు తెచ్చారు. అన్నీ చేరాక పిస్తోలైంది. వాటికి వరుస నంబరు లేదు, తనిఖీ ముద్ర లేదు. నార్వేలో వాటిని రొట్టెడబ్బా కోల్ట్‌లు అంటారు. జర్మన్ ముద్ర ఉన్నదానికీ గిరాకీయే, ఏ ముద్రా లేనిదానికీ గిరాకీయే. రెండింటిలో ఏది మేలని ఈ వ్యాఖ్యాతను అడిగితే, డబ్బాలో వచ్చినదే అంటాడు. డబ్బు మాత్రం చాలదు.

పగుళ్లు లేవు = మూలమంతా ఈ రెండు పదాల కోసమే రాశారని మా అభిప్రాయం. మిగతాది పాదపూరణం. ఏ వస్తువైనా అమ్మేటప్పుడు ఉన్నది చెప్పాలి గాని లేనిది చెప్పడమేమిటి? గేదెను అమ్మేవాడు "పొడవదు" అన్నాడంటే దాని వెనక ఒక కథ ఉన్నట్టే.

కథ ఇది. స్వీడన్ సైన్యం ఎం/45 సబ్‌మెషీన్ గన్‌కు తగినట్టు ఎం/39బి అనే ఘాటైన తూటా చేయించింది. కొలత పారాబెల్లమే, మందు దెబ్బ పెద్దది. కొలత కుదిరింది గనుక పిస్తోళ్లలోనూ అదే వేశారు. ఎం/40లు బీటలు వారాయి. 1980లలో వాటిని పక్కన పెట్టి, గిడ్డంగి తలుపులు తీసి, 1907 నాటి ఎం/07లను మళ్లీ కొలువుకు పిలిచారు. మనవడు మంచాన పడితే తాత కర్ర పట్టుకుని కాపలాకు వచ్చాడన్నమాట. గ్లాక్ 17 వచ్చి ఎం/88 అన్న పేరుతో కుదురుకునే దాకా ఆ తాతే కాపు కాశాడు.

కాబట్టి కొనేవాడు ఈ పదాన్ని చెవితో కాదు, కంటితో చదవాలి. విధానం: బోల్టు తీసి, పాత జిడ్డు తుడిచి, అనుమానమున్న చోట పలచటి నూనె పట్టించి కాసేపు ఆగాలి. పొడిగుడ్డతో పూర్తిగా తుడిచి పైన సుద్దపొడి చల్లాలి. ఉక్కు నిండుగా ఉంటే సుద్ద తెల్లగానే ఉంటుంది. పగులు ఉంటే లోపల దాగిన నూనె మెల్లగా ఊరి, తెల్లటి పొడి మీద వెంట్రుకంత నల్లగీత గీస్తుంది. దుకాణదారు అంగీకరిస్తేనే ఇదంతా. అంగీకరించకపోతే సుద్ద అక్కర్లేదు, అర్థమైపోయింది.

పేలుతుంది = తూటా వేసి మీట నొక్కితే కాలుతుంది. పై పదంతో కలిపి చదివితే శ్లేష ఉంది. కర్తకు ఆ ఉద్దేశం లేదనే అనుకుందాం.

చేతికి సుమారు 1.2 కిలోల బరువు. బరువే దాని మర్యాద: పిస్తోలు పైకి ఎగరదు, మణికట్టును వెనక్కి నెట్టి ఊరుకుంటుంది. బోల్టు గూటిలోనే ముందుకూ వెనక్కూ ఆడుతుంది గనుక కంటి ముందు పెద్ద స్లయిడ్ దూకడం ఉండదు. మంచు లోపలికి చొరబడకూడదని చుట్టూ మూసి కట్టిన యంత్రం. ఆ మూత వల్లే సైనికుడు పొలంలో కూర్చుని పూర్తిగా విప్పుకోలేడు, ఆయుధాల మిస్త్రీ కావాలి. ఈ పిస్తోలులో మాకు నచ్చనిది ఇదొక్కటే. ఇంటికి తెచ్చుకున్నవాడు మామూలు తూటాలే వాడాలి, మిగులు సరుకు పేరుతో ఎం/39బి దొరికినా ముట్టకూడదు.

అధ్యాహారం

మూలంలో ధర లేదు. "అడిగి తెలుసుకోవలెను" అని పూరించుకోవాలి. లైసెన్సు మాటా లేదు; అదీ పూరించుకోవాలి. స్వీడన్‌లో పోలీసు అనుమతి వచ్చేదాకా పిస్తోలు దుకాణంలోనే ఉంటుంది. అనుమతి ఏ ప్రయోజనానికో ముందే చెప్పాలి: కాల్చడానికా, సేకరణకా. సేకరణకు అంటే మీ సేకరణ దేనికి సంబంధించినదో కూడా వివరించాలి. కాల్చే లైసెన్సు ఉన్నవాడికి తూటాలు దగ్గరుంచుకునే హక్కు దానితోనే వస్తుంది, సేకరణ లైసెన్సుతో అలా రాదు.

తాత్పర్యం

దుకాణంలో ఒక పిస్తోలు ఉన్నది. సేకరణ లైసెన్సుతో కొన్నవాడు ఒరనూ, ముద్రనూ, మ్యాగజీన్లనూ, పగుళ్లు లేకపోవడాన్నీ స్వయంగా పరీక్షించుకోగలడు. చివరి పదం విషయంలో మాత్రం అమ్మినవాడి మాటే ప్రమాణం.