మా రోజుల్లో కంటికి దెబ్బ తగిలితే

మా రోజుల్లో తిరుపతి దగ్గరి ఏర్పేడు చుట్టుపక్కల ఏ వీధిలోకి పోయినా కంట్లో పువ్వేసిన మనిషి ఒకరైనా కనపడేవాళ్ళు. కళ్ళంలో వడ్లు తూర్పారబడతావుంటే పొల్లు ఎగిరి పడేది. చెరుకు తోటలో ఆకు కోసుకునేది. నల్లగుడ్డు మీద గీత పడిందంటే మొదటి మందు చనుబాలు. ఏ ఇంట్లో బాలింత ఉందో వీధంతటికీ తెలుసు, పోయి పిండించుకొచ్చేవాళ్ళు. దానికి తగ్గకపోతే నందివర్ధనం పూలు, దానికీ తగ్గకపోతే ఎవరో చెప్పిన ఆకు పసరు. ఆ పసరుతోనే బూజూ మట్టీ పుండులోకి పోయేవి. పుండు ముదిరి, చీము పట్టి, చివరికి తెల్లమచ్చ మిగిలేది. మా చిన్నాయన అట్లాగే ఒక కన్ను పోగొట్టుకుని, మిగిలిన కంటితోనే బతుకంతా సేద్యం చేసినాడు.

అప్పటివాళ్ళను నేను తప్పు పట్టను. వాళ్ళకు తెలిసింది అంతే, అందింది అంతే. నా కోపమంతా ఇప్పటివాళ్ళ మీద.

ఈ పొద్దు ఏం తక్కువ? 1976లో మదురైలో డాక్టర్ వెంకటస్వామి పదకొండు మంచాలతో మొదలుపెట్టిన అరవింద్ సంస్థ ఇప్పుడు తిరుపతిలో అలిపిరి దగ్గరే ఆసుపత్రి నడుపుతోంది. హైదరాబాదులో ఎల్వీ ప్రసాద్ కంటి ఆసుపత్రి ఉంది. సినిమాలు తీసిన ఎల్వీ ప్రసాద్ ఇచ్చిన స్థలంతో, డబ్బుతో డాక్టర్ గుళ్ళపల్లి నాగేశ్వరరావు నిలబెట్టిన సంస్థ అది. మనిషి రక్తంలోంచే అతని కంటికి చుక్కల మందు చేసే రోజులివి. ఈ మాట మా ఊర్లో చెబితే సగం మంది నమ్మరు. అందుకే కాస్త వివరంగా చెబుతాను.

నల్లగుడ్డుకు రక్తనాళాలు ఉండవు. ఉంటే అద్దంలాగా వెలుతురును లోపలికి పోనివ్వదు. అందుకని దాని పైపొరను పెంచే పదార్థాలు అందేది ముఖ్యంగా కన్నీళ్ళ నుంచే. మామూలు గీత అయితే ఆ పొర కొద్ది రోజుల్లో తనంతట తాను పూడుకుంటుంది. కన్నీళ్ళు ఎండిపోయినవాళ్ళకు, సున్నమో ఆమ్లమో పడి కాలినవాళ్ళకు, షుగరు వల్ల కంటి నరాల స్పర్శ చచ్చినవాళ్ళకు ఒక్కోసారి అది పూడదు. వారాలు గడిచినా పుండు తెరుచుకునే ఉంటుంది. సీసాల్లో అమ్మే ఉత్తుత్తి కన్నీళ్ళు తడి మాత్రమే ఇస్తాయి. పొరను పెంచే పదార్థాలు వాటిలో ఉండవు.

అవి ఉన్నది మన రక్తపు సీరంలో. ఎ విటమిను, కణాలను పెంచే ప్రోటీన్లు, పొర అతుక్కోవడానికి కావలసిన ఫైబ్రోనెక్టిన్ అన్నీ అందులో ఉంటాయి. చేతి నరంలోంచి రక్తం తీస్తారు. గంటో రెండు గంటలో గడ్డకట్టనిస్తారు. తర్వాత మిషన్లో వేసి తిప్పితే పైన పసుపుపచ్చటి నీరు తేరుతుంది, అదే సీరం. దాంట్లో సెలైన్ కలిపి, ఎక్కువగా నూటికి ఇరవై పాళ్ళ గాఢతతో, చిన్న చిన్న సీసాల్లో నింపుతారు. రోజుకు ఆరేడు సార్లు వేసుకోవాలి. ఇందులో చెడిపోకుండా ఆపే రసాయనం ఏదీ కలపరు కాబట్టి ఫ్రిజ్‌లోనే పెట్టాలి, తెరిచిన సీసాను రోజుల తరబడి వాడకూడదు, మూతిని వేలితో తాకకూడదు. సూక్ష్మజీవి చేరిందంటే మందే విషమవుతుంది. అందుకే ఇది ఇంట్లో చేసుకునే వైద్యం కాదు, ముందు రక్తపరీక్షలు చేసి ఆసుపత్రిలోనే తయారుచేస్తారు.

ఇది నిన్నామొన్నటి వింత కాదు. 1975లోనే అమెరికాలో కాలిన కళ్ళకు వాడినారు. 1984లో ఫాక్స్ అనే డాక్టరు కన్నీళ్ళు ఎండినవాళ్ళకు వేసినాడు. 1999లో జపానులో త్సుబోటా బృందం మానని పుండ్ల మీద వేసి మంచి ఫలితం చూపించినాక లోకమంతా పాకింది. 2003లో ఢిల్లీ ఎయిమ్స్ డాక్టర్లు బిడ్డ బొడ్డుతాడు రక్తంలోంచి తీసిన సీరాన్నీ ఇట్లాగే వేసి చూసినారు. మా రోజుల్లో బొడ్డుతాడునూ మాయనూ పెరట్లో గుంత తీసి పూడ్చేవాళ్ళం. ఇప్పుడు ఆ మాయ మీది పలచని పొరను కూడా శుభ్రం చేసి, కాలిన కంటి మీద కప్పి కుడుతున్నారు.

ఒంట్లోదాన్నే తీసి కంటికి పెట్టడం మనకు కొత్తగా తోచకూడదు. పక్కనే కాళహస్తి. శివుడి కంట్లో రక్తం కారితే తిన్నడు ముందు ఆకు పసర్లే పిండినాడు, ఆగలేదు. అప్పుడు తన కన్నే పెకలించి పెట్టినాడు. ఆ కథ వింటూ పెరిగిన బిడ్డలు ఈ పొద్దు కన్ను ఎర్రబడితే ఏం చేస్తున్నారు? మందుల అంగడికి పోయి, ఎవరికో రాసిచ్చిన చీటీ చూపించి స్టెరాయిడ్ చుక్కలు కొనుక్కొస్తున్నారు. వరిపొల్లు గుచ్చుకున్న కంట్లో బూజు పట్టి ఉంటే ఆ చుక్కలు దాన్ని ఇంకా మేపుతాయి. రెండు రోజులు ఎర్రదనం తగ్గినట్టుంటుంది, ఆ తర్వాత గుడ్డే కరిగిపోతుంది. మా కాలంలో పసరు చేసిన పని ఇప్పుడు ఈ సీసా చేస్తోంది. పసరు పోసినవాడికి చదువు లేదు. ఈ సీసా అమ్మేవాడు చదువుకున్నాడే!

నా కడుపు మండే ఇంకో సంగతి సున్నం. మా అవ్వ తాంబూలం సున్నాన్ని ఇత్తడి డబ్బాలో పెట్టి, బిడ్డలకు అందని గూట్లో దాచేది. ఇప్పుడు పొగాకుతో కలిపే సున్నం ప్లాస్టిక్ పొట్లాల్లో బంకుల్లో వేలాడుతోంది. వాడినవాడు సగం మిగిల్చి రోడ్డు మీద పారేస్తాడు. పసిబిడ్డ దొరకబుచ్చుకుని పిసికితే ఫట్‌మని చిట్లి కంట్లోకే చిమ్ముతుంది. సున్నం ఆమ్లంకంటే మొండిది, లోపలికి తొలుచుకుంటూ పోతుంది. నల్లగుడ్డు అంచున పొరను పుట్టించే మూలకణాలు ఉంటాయి, అవి కాలిపోతే ఏ సీరమూ సరిపోదు. అప్పుడు మంచి కంటి అంచులోంచి చిన్న ముక్క తీసి కాలిన కంట్లో నాటాలి. ఆ పద్ధతిని సులభం చేసి 2012లో లోకానికి చెప్పింది ఎల్వీ ప్రసాద్ డాక్టర్లే. అంత వైద్యం మన తెలుగు గడ్డమీదే పుట్టింది. అయినా ఆ పొట్లాన్ని అంగట్లోంచి తీసేయించే నాథుడు లేడు.

ఏర్పేడుకు ఐఐటీ వచ్చింది, ఐసర్ వచ్చింది. సంతోషమే. కానీ నూర్పిడి మిషను దగ్గర నిలబడే కూలీకి ఒక ప్లాస్టిక్ కళ్ళద్దం కొనిచ్చే ఆసామి మా వైపు ఎంతమంది ఉన్నారు? మీరే లెక్కపెట్టండి.

సొంత రక్తంతో చేసే మందుకు టీవీలో ప్రకటన లేదు. పల్లెకు వచ్చి చెప్పేవాడు లేడు కాబట్టి మనమే ఒకరికొకరం చెప్పుకోవాలి. బిడ్డ కంట్లో సున్నం పడితే పసరూ పాలూ వెతకొద్దు. సున్నం ముక్కలుంటే తీసేసి, అక్కడికక్కడే శుభ్రమైన నీళ్ళు అరగంట ధారగా పోసి, ఆ పూటే తిరుపతికి తీసుకుపోండి. పుండు మానలేదని డాక్టరు రక్తం అడిగితే భయపడకుండా చెయ్యి చాపండి.