మెడలో ఉపగ్రహం

హైదరాబాద్‌లో షికారుకెళ్లే టామీల మెడకు జీపీఎస్ పట్టీలొచ్చాయి.

20 వేల కిలోమీటర్ల ఎత్తున తిరిగే ఉపగ్రహాల్లో కనీసం నాలుగింటి సంకేతాలు అందితే గానీ తేలదు, టామీ పక్క సందులో కరెంటు స్తంభం దగ్గర కాలెత్తిందని!

పట్టీలో సిమ్ము. దానికి ఠంచనుగా రీఛార్జి. (బామ్మ ఫోను వ్యాలిడిటీ అయిపోయి పది రోజులైంది. అది వేరే సంగతి.)

వీధికుక్క రాజుగాడికి పట్టీ లేదు, సిమ్ము లేదు. బిర్యానీ హోటల్ వెనక గుమ్మానికి దారి ఏనాడూ తప్పలేదు.

మొన్న పార్కులో టామీ మాయం. అయ్యగారు ఫోన్ చూసుకుంటూ గంటసేపు పొదలన్నీ గాలించారు. దొరికింది... పట్టీ!

టామీ అప్పటికే ఇంటి గుమ్మంలో కూర్చుని అయ్యగారి కోసం ఎదురుచూస్తోంది.